మధ్యాహ్నం ఎవరొస్తారు?

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళిన ఆడపడుచుకి బొట్టు పెడతారు, చీర పెడతారు. ఈ ఏడు మా మేనల్లుడు నాచేత సంతకం పెట్టించాలని చూశాడు!

భోగి మంట ఇంకా పూర్తిగా ఆరనైనా లేదు. నేను తలంటుకుని జుట్టారబెట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. వాడు ఒక చేత్తో కాఫీ గ్లాసూ, మరో చేత్తో కాగితాల కట్టా పట్టుకొచ్చి పక్కన కూలబడ్డాడు.

"అత్తయ్యా, నువ్వొక్క సంతకం పెట్టు చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా."

కాఫీ తీపిగా వుంది. కాగితం చూస్తే చేదుగా వుంది. కాలవగట్టున వున్న నా ఎనిమిది కుంచాల కొబ్బరితోట బ్యాంకువాళ్ళకి తనఖా పెట్టడానికి ఒప్పుకుంటున్నట్టు దాని సారాంశం. (కుంచం అంటే మా కోనసీమ లెక్కలో పది సెంట్లు. పైవూళ్ళ పాఠకులు బియ్యం కొలిచే కుంచం అనుకోకండి.) దేనికయ్యా అంటే, అమలాపురంలో వాడు బౌలింగ్ ఎల్లీ పెడతాడట.

ఆ తోట సంగతి కొంచెం చెప్పాలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి అది సాంతం పడిపోయింది. మర్నాడు మా నాన్నగారు గట్టు మీద నిలబడి, పడిన చెట్లు లెక్కపెట్టబోయి, సగంలో మానేసి ఇంటికొచ్చేశారు. కోనసీమలో ఆ రోజున అలా లెక్క మానేసిన తండ్రులు ఎందరో. మళ్ళీ మొక్కలు నాటించారు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అది కాపుకొచ్చే వేళకి నాకు పెళ్ళి కుదిరింది. పసుపుకుంకుమల కింద ఆ తోట నా పేర రాశారు. రెణ్ణెల్లకోసారి దింపు తీయించి, ఆ డబ్బులు అన్నయ్య నాకు రాజమండ్రి పంపుతాడు. పెద్ద సొమ్మేం కాదు. కానీ ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టుకోగల డబ్బు ఆడదానికి ఎంత పెద్దదో మీకు నేను చెప్పాలా?

"బౌలింగేమిట్రా, క్రికెట్టా?" అంది వదిన గుమ్మంలోంచి. వాడు తల పట్టుకున్నాడు.

క్రికెట్టు కాదు. నున్నటి చెక్కబాట ఒకటి వుంటుంది. మనం నిలబడే గీత దగ్గర్నుంచి అరవై అడుగుల దూరంలో, మరచెంబు మెడలాంటి మెడలతో పది పిన్నులు ముక్కోణంగా నిలబెట్టి వుంటాయి. పిన్నంటే జడపిన్ను కాదు, ఒక్కోటీ అడుగుం పావు ఎత్తుంటుంది. మూడు బొక్కలున్న బరువైన బంతిలో వేళ్ళు దూర్చి దొర్లిస్తే పిన్నులన్నీ పడాలి. పడితే సంబరం. పడకపోతే మళ్ళీ దొర్లించాలి. అంతే ఆట. మన గోలీలకి పెదనాన్న కొడుకు. హైదరాబాదు మాల్స్‌లో చూసి వాడికి మనసైంది.

"ఆ బాట పాడవకుండా వాళ్ళిచ్చే బూట్లే తొడుక్కోవాలమ్మా. అద్దెకిస్తారు" అన్నాడు వాడు తల్లితో.

"ఒకళ్ళు విడిచిన జోళ్ళు ఇంకొకళ్ళు తొడుక్కోడమా! శివశివా!" అని వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాడి లెక్క మాత్రం చూడముచ్చటగా వుంది. నాలుగు బాటలు. ఒక్కో బాట మీద గంటకి ఆరు ఆటలు. పొద్దున్న పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా పన్నెండు గంటలు. అంటే రోజుకి 288 ఆటలు. ఆటకి నూటయాభై చొప్పున రోజుకి 43,200 రూపాయలు. ఏడాదికి కోటీ యాభై ఏడు లక్షల పైచిలుకు! అప్పు కోటీ ఇరవై లక్షలు. ఏడేళ్ళ గడువు, పదకొండు శాతం వడ్డీ. నెలకి రెండు లక్షల అయిదు వేలు వాయిదా. "ఏడాదిన్నరలో అప్పు పారేస్తా అత్తయ్యా" అన్నాడు.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. లెక్కలంటే నాకు ఇంటర్లోనే దణ్ణం. కానీ ఎవరైనా ఒక కొత్త వ్యాపారం అంటే, 'ఇదివరకు ఎవరు చేశారు, ఏమయ్యారు?' అని అడగడం చరిత్ర చదివినవాళ్ళ దురలవాటు. "పండగ వెళ్ళనీ, ఆలోచించి చెబుతా" అని కాగితాలు నా పెట్టెలో పెట్టుకున్నాను. రాజమండ్రి వచ్చాక నెల్లాళ్ళపాటు నేను రాస్తున్న నవల పక్కన పడేసి ఈ బంతులాట వెంట పడ్డాను. నా కథానాయిక పెళ్ళిపీటల మీద అలాగే కూచుని వుంది పాపం.

ఈ ఆట అమెరికాలో స్థిరపడింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1895లో ఒక సంఘం ఏర్పడి నియమాలు కట్టుదిట్టం చేసింది. ఆ సంఘంలో ఆడవాళ్ళకి సభ్యత్వం లేదు. వాళ్ళు వూరుకున్నారా? 1916లో సెయింట్ లూయిస్‌లో నలభై మంది ఆడవాళ్ళు చేరి తమ సంఘం తాము పెట్టుకున్నారు. మగవాళ్ళ సంఘం తలుపు తెరవడానికి 1993 దాకా పట్టింది!

ఆ రోజుల్లో పడిన పిన్నులు మళ్ళీ నిలబెట్టడానికి ఆ చివర గోతిలో కుర్రాళ్ళు కూర్చునేవారు. అర్ధరాత్రి దాకా బంతుల మధ్య బతుకు. బాలకార్మికుల దుస్థితిని ఫొటోలు తీసి లోకానికి చూపించిన లూయిస్ హైన్ ఆ పసివాళ్ళని కూడా తీశాడు. ఆ ముఖాలు చూస్తే ఆట మీద సరదా పోతుంది. కుర్రాళ్ళ చేతి మీద నడిచినన్నాళ్ళూ ఇది చిన్న వ్యాపారం. కుర్రాళ్ళు రాని రోజున ఆటే లేదు.

సిగరెట్లు చుట్టే యంత్రాలు చేసే ఏ.ఎం.ఎఫ్. అనే కంపెనీ పిన్నుల్ని వాటంతటవే నిలబెట్టే యంత్రాన్ని 1946లో చూపించి, 1952 నుంచి మార్కెట్లో పెట్టింది. బిలియర్డ్స్ బల్లలకి పేరుపడ్డ బ్రన్స్‌విక్ కంపెనీ కూడా 1956కల్లా తన యంత్రంతో దిగింది. అసలు కథ ఇక్కడ మొదలు. చేతిలో పెద్ద పెట్టుబడి లేనివాడికి కూడా వాళ్ళు యంత్రాలిచ్చారు. ఏ.ఎం.ఎఫ్. అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. ఆటకి ఇంత చొప్పున తన వాటా తాను తీసుకునేది. బ్రన్స్‌విక్ వాయిదాల మీద అమ్మింది. ఇంకేం, సందుకొకటీ గొందికొకటీ వెలిశాయి. 1960 దాటేసరికి అమెరికాలో ఇవి పదివేలకి పైబడ్డాయి.

కట్టేశారు సరే. సాయంత్రం జట్లుజట్లుగా ఫ్యాక్టరీల మనుషులొస్తారు. ప్రతి వారం ఫలానా రోజు, ఫలానా వేళ అని నెలల తరబడి ముందే కుదుర్చుకునే ఆ జట్లని లీగులంటారు. అది యజమానికి నికరమైన రాబడి. మరి పొద్దుటి మాటేమిటి? మధ్యాహ్నం మాటేమిటి? దీపాలు వెలుగుతూనే వున్నాయి, వాయిదా పెరుగుతూనే వుంది, బాటలు మాత్రం ఖాళీ. అప్పుడు గుర్తొచ్చామండీ మనం! మనం అంటే ఆడవాళ్ళం. భర్త ఆఫీసుకీ, పెద్దపిల్లలు స్కూలుకీ వెళ్ళాక ఇంట్లో వుండే ఇల్లాలు. ఆవిడకి ఉచితంగా ఆట నేర్పారు. చంటిపిల్లల్ని చూసుకోవడానికి అక్కడే గది కట్టి ఆయాని పెట్టారు. గోడలకి లేత రంగులు వేశారు, కాఫీ పెట్టారు. పగటిపూట ఆడవాళ్ళ లీగులు పుట్టుకొచ్చాయి. అదివరకు సారావాసనతో వుండే చోటుకి 'కుటుంబ వినోదం' అనే గౌరవం వచ్చింది. ఎందుకొచ్చిందీ అంటే, వాళ్ళకి మన మీద పుట్టుకొచ్చిన ప్రేమవల్ల కాదు, ఖాళీ మధ్యాహ్నం మీద పెరిగే వడ్డీ వల్ల!

అయినా ఆగలేదు. కట్టేవాళ్ళు కడుతూనే పోయారు. ఆడేవాళ్ళు అంతే వేగంగా ఎక్కణ్ణుంచి పుడతారు? 1961లో ఆకాశానికెక్కిన బ్రన్స్‌విక్ షేరు మరుసటేడాదికే కుప్పకూలింది. వాయిదాలు కట్టలేనివాళ్ళ దగ్గర్నుంచి యంత్రాలు వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. వాటిని కొనే కొత్తవాడేడీ?

జపానులో ఇంకా విడ్డూరం. 1970లో రిత్సుకో నకయామా అనే అమ్మాయి టీవీలో అందరూ చూస్తుండగా వరసగా పన్నెండుసార్లు పది పిన్నులూ పడగొట్టి మూడొందలకి మూడొందలూ తెచ్చుకుంది. దేశం దేశమంతా వెర్రెత్తిపోయింది. 1972 నాటికి అక్కడ ఇలాంటివి 3,697. నాలుగైదేళ్ళు తిరిగేసరికి వెయ్యి లోపు! మిగిలినవి సూపర్ బజార్లూ, గిడ్డంగులూ అయిపోయాయి. మన వూళ్ళలో సినిమా హాళ్ళు కల్యాణ మండపాలైనట్టు.

మరొక ముక్క కూడా తెలిసింది. అమెరికాలో రాబర్ట్ పట్నం అనే ఆచార్యుడు మనుషులు కలిసికట్టుగా వుండడం ఎలా తగ్గిపోతోందో 1995లో ఒక వ్యాసం రాశాడు. 1980 నుంచి 1993కి ఆ దేశంలో బౌలింగ్ ఆడేవాళ్ళు నూటికి పదిమంది పెరిగారట, లీగుల్లో ఆడేవాళ్ళు నూటికి నలభైమంది తగ్గారట. ఆడేవాళ్ళు పెరిగాక యజమానికి దిగులెందుకూ? దిగులే! జట్టుగా వచ్చినవాళ్ళు ఒంటరిగా వచ్చినవాళ్ళకంటే మూడింతలు తింటారు, తాగుతారు. అక్కడ డబ్బు మిగిలేది బంతుల మీదా బూట్ల మీదా కాదు, పిజ్జా మీదా బీరు మీదాను.

ఇది చదివినప్పుడు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన ఎప్పుడూ అనేవారు, "బొమ్మ మాకు అన్నం పెట్టలేదమ్మా, సోడాకొట్టు పెట్టింది" అని.

తాతగారికి మా వూరి టూరింగు టాకీసులో నాలుగో వంతు వాటా వుండేది. ఆ చిట్టా పుస్తకాలు ఇప్పటికీ మా ఇంటి అటక మీద వున్నాయి. మొన్న మాఘమాసంలో మళ్ళీ వెళ్ళినప్పుడు దింపించి చూశాను. చెదలు తిన్నంత తినగా మిగిలినది కూడా ఎంత ముచ్చటగా వుందో! ఆయిలింజనుకి డీజిలు, దీపానికి కార్బన్ కడ్డీలు, తాటాకు కప్పు, ప్రచారం బండికీ మైకుకీ కిరాయి, బస్సు మీంచి సినిమా పెట్టె దింపిన కూలి. మున్సబుగారి కుటుంబానికి ప్యాసులు. విజయవాడ నుంచి వచ్చి టికెట్లు లెక్కపెట్టుకునే కంపెనీ రిప్రజెంటేటివుకి భోజనం. ఆయనకి అట్లతద్దినాడు కూడా మా ఇంట్లోనే భోజనమట, తాతగారు అదీ రాశారు! కంపెనీ వాటా, సర్కారు పన్నూ పోగా ఆఖరి గడిలో మిగిలేది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దాని కింద వేరే సిరాతో 'సోడా, జీళ్ళు, సెనగలు' అని ఒక వరస. నిజంగా ఆ వరసే మా ఇంటిల్లిపాదికీ పండక్కి బట్టలు పెట్టింది.

మన సినిమా కథ మొదలైందే అప్పుతో. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతాల్లో, బొమ్మకి గ్రామఫోను జతచేసి మాట్లాడించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని ముప్పయి వేల రూపాయలు పెట్టి కొన్నారు. ఆనాటి ముప్పయి వేలు! ఉన్న ఆస్తి తాకట్టు పెట్టారు. దాన్ని పట్టుకుని వూళ్ళు తిరిగారు, బర్మా, సింహళం కూడా వెళ్ళారు. తిరిగినన్నాళ్ళూ బాగానే వుంది. 1914లో మద్రాసులో గెయిటీ హాలు కట్టారు, తరవాత క్రౌన్, గ్లోబ్. కొడుకు ప్రకాశ్‌ని విదేశాలకి పంపి సినిమా విద్య నేర్పించారు, స్టూడియో పెట్టించారు, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. ఆఖరికి అప్పుల కింద హాళ్ళు చెయ్యిజారిపోయాయి. 1941లో ఆయన పోయారు. ఇవాళ ఆయన పేర ప్రభుత్వం వారు పురస్కారం ఇస్తారు. హాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

మా జిల్లాలోనూ వుంది. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ పెట్టారు. ఆంధ్రదేశంలో మొదటి స్టూడియో అదే. నేనుండేది అదే వూళ్ళో. అది ఎక్కువకాలం సాగలేదన్న సంగతి ఆటోవాడికే కాదు, చదువుకున్నవాళ్ళకీ తెలియదు.

ఇంతకీ తాతగారి చిట్టాలో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఎక్కడా మధ్యాహ్నం ఆట లేదు. అన్నీ రాత్రి ఆటలే, మొదటాట, రెండో ఆట. ఎందుకా అని ఆలోచిస్తే నవ్వొచ్చింది. తాటాకు పాకలో పగలు బొమ్మ కనబడదు కదా! డేరాకి మధ్యాహ్నం లేదు. అందుకని మధ్యాహ్నం నష్టమూ లేదు. ఇంజను ఆపేస్తే ఖర్చు ఆగిపోయేది. ఆ వూళ్ళో జనం పల్చబడితే పాక విప్పి ఇంకో వూళ్ళో వేసేవారు.

పక్కా హాలు కట్టిన రోజునే మధ్యాహ్నం పుట్టింది. అమలాపురంలో కాంక్రీటు హాళ్ళు లేచాయి. వాటితోపాటు అప్పులూ లేచాయి. అప్పు పగలూ రాత్రీ పెరుగుతుంది గనక బొమ్మ కూడా పగలూ రాత్రీ ఆడాలి. మ్యాట్నీ ఎవరికోసం? మగవాళ్ళు పొలాల్లోనో, ఆఫీసుల్లోనో వుంటారు. ఇంకెవరు? మా అమ్మా, పక్కింటి సుబ్బులత్తయ్యగారూ, ఎదురింటి పంతులమ్మగారూ!

నా చిన్నతనంలో నేను అమ్మ కొంగు పట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. పదకొండింటికల్లా వంట అయిపోయేది. పన్నెండింటికి అందరికీ వడ్డించేసి, సాయంత్రానికి అన్నం గిన్నె మీద మూతపెట్టి, తాళం వేసి, ముగ్గురు ఆడవాళ్ళూ నలుగురు పిల్లలూ ఒకే రిక్షాలో ఇరుక్కుని వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళ టికెట్ల కిటికీ వేరే వుండేది. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చే వేళకి అమ్మ ఏమీ ఎరగనట్టు కాఫీ కలుపుతూ వుండేది, కళ్ళు మాత్రం ఎర్రగా వుండేవి, సావిత్రి కష్టాలకి. నాన్నగారికీ తెలుసు. అడిగేవారు కాదు.

అప్పట్లో మాకు తెలియదు గానీ, ఆ హాలు వాయిదాలు కట్టింది అమ్మలాంటివాళ్ళే. సర్కారు కూడా ఆ సంగతి కనిపెట్టినట్టుంది. అంతకుముందు వినోదపు పన్ను తెగిన టికెట్టుకి ఇంత అని వుండేది. 1984 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో పద్ధతి మార్చారు. హాలు నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తం మీద ఆటకి ఇంత శాతం అని. జనం వచ్చినా రాకపోయినా ఒకటే. అంటే ఖాళీ కుర్చీకీ పన్నే! హాళ్ళవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1993లో కోర్టు ఆ పద్ధతి చెల్లుతుందనే చెప్పింది. ఖాళీ కుర్చీ ఖరీదు అంతకంతకూ పెరిగింది. అదే కాలంలో ఆ కుర్చీల్లో కూర్చోవలసిన ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఇంట్లో ఆగిపోయారు. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం, 1995లో తెలుగు టీవీ చానళ్ళు, ఆ వెంటే పగలంతా సీరియళ్ళు. మా అమ్మ రిక్షా ఎక్కడం మానేసింది. తప్పు అమ్మది కాదు, ఎండలో రిక్షా ఎవరిక్కావాలి? కానీ అమ్మ మానేసిన మధ్యాహ్నాన్ని ఏ హాలూ మళ్ళీ నింపలేకపోయింది.

ఇంత చదివాక మాఘమాసంలో మళ్ళీ వెళ్ళాను. అన్నయ్య వీధి అరుగు మీద కొబ్బరిధర గురించి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మేనల్లుణ్ణి వంటింటి పీట మీద కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను.

"ఒరేయ్ అబ్బాయ్, పదకొండు గంటలకి తలుపు తీస్తానన్నావు కదా. నాలుగు దాకా ఎవరొస్తార్రా?"

వాడు నోరు తెరిచాడు. మూశాడు. "కాలేజీ పిల్లలు..."

"కాలేజీ ఎగ్గొట్టినవాళ్ళా?"

వదిన పకపకా నవ్వింది. వాడి పెన్నుతోనే వాడి కాగితం వెనకాల రాశాం. వారంలో అయిదు రోజులు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా సగం నిండుతుందనుకుందాం. ఆ తరవాత పల్లెటూళ్ళకి బస్సులు పల్చబడతాయి. శని, ఆదివారాలు రోజుకి ఆరేసి గంటలు పూర్తిగా నిండుతుందనుకుందాం, ధారాళంగా. ఎంతైంది? వారానికి 468 ఆటలు. వాడు వేసుకున్నది 2,016. అంటే నాలుగో వంతు కూడా లేదు! నెలకి మూడు లక్షల చిల్లర. అందులో రెండు లక్షల అయిదు వేలు బ్యాంకు వాయిదా. మిగిలిన లక్ష లోపులో హాలు అద్దె, నలుగురి జీతాలు, జి.ఎస్.టి., యంత్రం మొరాయిస్తే దూరం నుంచి దిగాల్సిన మెకానిక్కు. ఏసీ కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వూరి ఉప్పుగాలికి గోడకి కొట్టిన మేకే ఏడాదికి తుప్పు పట్టిపోతుంది.

"జీళ్ళూ సోడాలూ లేవా ఇందులో?" అన్నాను.

"ఫుడ్ కోర్టు తరవాత పెడదామనుకున్నా అత్తయ్యా."

"తాతగారు అది ముందు పెట్టారురా."

వాడు చిన్నబుచ్చుకున్నాడు. నాకూ మనసు చివుక్కుమంది. బెంగుళూరులో వుద్యోగం వదిలేసి, తల్లిదండ్రులకి దగ్గరగా వుంటానని వచ్చిన కుర్రాడు. కోనసీమ పిల్లలందరూ కువైట్‌కో హైదరాబాదుకో పోవలసిందేనా, ఇక్కడే ఏదైనా చెయ్యకూడదా అని వాడి బాధ. ఆ బాధ తప్పని నేననలేను. నేను మాత్రం అమలాపురంలో వుండి నవలలు రాస్తున్నానా?

వాడి ముఖం చూసి అప్పుడే సంతకం పెట్టేసేదాన్నేమో. అంతలో దింపు తీసే సత్తిబాబు కత్తి నడుముకి దోపుకుని పెరట్లోకి వచ్చాడు. విషయం అడిగి తెలుసుకుని, "ఆయ్, అమ్మాయిగారండీ, జగ్గన్నతోట తీర్థంలో రంగులరాట్నం వోడు మొన్న ఎంత పట్టికెళ్ళాడండీ! నాలుగ్రోజులే కదండీ. మర్నాటికి విప్పేసి అంతర్వేది పోయాడండీ" అన్నాడు.

కనుమనాడు ఏకాదశ రుద్రులూ ప్రభల మీద జగ్గన్నతోట చేరతారు. ఇసకేస్తే రాలదు జనం. ఆ తరవాత భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో నరసింహస్వామి రథోత్సవం. జనం ఎక్కడుంటే రాట్నం అక్కడికి వెళుతుంది. రాట్నానికి చక్రాలున్నాయి. అరవై అడుగుల చెక్కబాటకి లేవు. ఇన్ని పుస్తకాలు తిరగేసి నేను పట్టుకున్న సంగతి సత్తిబాబు కొబ్బరిచెట్టు ఎక్కుతూ చెప్పేశాడు. మా మేనల్లుడు మాత్రం ఆలోచనలో పడ్డాడు.

"అత్తయ్యా, ఇప్పుడు పిన్నులకి తాళ్ళు కట్టి పైకి లాగే యంత్రాలొచ్చాయి. ఖర్చు తక్కువ, మెకానిక్కు బెడద తక్కువ. నాలుగు కాకుండా రెండు బాటలు పెడితే? ఏదైనా కల్యాణ మండపంలో అద్దెకి?"

"మధ్యాహ్నం?" అన్నాను.

"అదీ కనుక్కుంటా."

మర్నాటి నుంచి వారం రోజులపాటు వాడు గడియారస్తంభం సెంటర్లో పదకొండు నుంచి నాలుగు దాకా నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాట్ట. ఎండకి తట్టుకోలేక రెండో రోజు నుంచి వదిన గొడుగిచ్చి పంపిందట. ఎవరెవరు తిరుగుతున్నారో గీతలు గీశాడు. బ్యాంకు పనికొచ్చే డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు, ఆసుపత్రులకొచ్చి బస్సుకోసం కూర్చునేవాళ్ళు, కోచింగు పిల్లలు, పిల్లల్ని స్కూల్లో దింపి మళ్ళీ తీసుకెళ్ళడానికి అక్కడే చెట్టు కింద కాలక్షేపం చేసే తల్లులు. ఈ ఆఖరి గీతలే ఎక్కువున్నాయని ఫోనులో చెప్పాడు. "వాళ్ళకి నీడా, కుర్చీ, కాఫీ కావాలి అత్తయ్యా. బంతి కాదు" అన్నాడు కొంచెం దిగులుగా.

"వాళ్ళనే అడిగావా?"

"నేనెలా అడుగుతాను? అమ్మని పంపించా."

వదిన వెళ్ళి మాట్లాడిందట. అద్దె బూట్ల సంగతి మాత్రం చెప్పలేదట.

వచ్చే ఆదివారం ఇద్దరూ కలిసి కొత్త లెక్కతో రాజమండ్రి వస్తామన్నారు. తనఖా కాగితం సంతకం లేకుండా నా బీరువాలోనే వుంది. ఈ దింపు డబ్బులు మాత్రం ఈసారి నాకు పంపొద్దని, వాడి దగ్గరే వుంచమని అన్నయ్యకి చెప్పాను.